వాకిలికీ ఊపిరాడాలి!

కొత్తిల్లు కట్టుకున్నవాళ్లకు గృహప్రవేశానికి వారం ముందు ఒక డబ్బా ఎదురవుతుంది. గోడలకు రంగులైపోయాయి. గేటు బిగించారు. కారు పెట్టుకునే చోటా, ఇంటి చుట్టూ నడిచే దారిలోనూ పేవర్లు పరిచారు. అప్పుడు మేస్త్రీ మెల్లగా అంటాడు... 'ఒక్క కోటింగు కొట్టిస్తే అద్దంలా ఉంటుంది సార్' అని. రెండు రాళ్లకు కొట్టి చూపిస్తాడు కూడా. అప్పటిదాకా పాలిపోయి ఉన్న ఎర్ర పేవరు కాస్తా దానిమ్మ గింజలా నిగనిగలాడుతుంది. ఇక వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది!

విశాఖ నుంచి నెల్లూరు దాకా, సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఆ నిగనిగ ఎన్నాళ్లుంటుందన్నది వేరే కథ. ఒక వర్షాకాలం దాటేసరికే చాలా వాకిళ్లలో పూత మీద పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చలు తేలతాయి. ఆపైన అక్కడక్కడా ఉల్లిపొరలా లేస్తుంది. వీటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. వాన పడితే జారుతుంది. తెల్లవారకముందే పూలు కోయడానికో, పాల ప్యాకెట్టు తీసుకోవడానికో బయటికొచ్చేది సాధారణంగా ఇంట్లో పెద్దవాళ్లే. డెబ్భై ఏళ్ల మనిషి తుంటి ఎముక ముందు ఈ మెరుపు ఏపాటిది?

అందుకే సీలరు కొనేటప్పుడు 'ఏ కంపెనీది మంచిది?' అన్న ప్రశ్న చివరికి రావాలి. దానికి ముందు 'ఏ రకం?' అని అడగాలి. అంతకన్నా ముందు 'మన రాయికి అసలు కావాలా?' అని.

కింద చెమ్మ... పైన ఎండ

పేవరు బాత్రూమ్ టైలు కాదు. చూడ్డానికి గట్టి రాయిలా ఉన్నా, సిమెంటూ ఇసుకా చిన్న కంకరా కలిపి ఒత్తి తీసిన ఆ దిమ్మెలో కంటికి కనిపించని రంధ్రాలు బోలెడు. నీళ్లలో నానబెడితే ఎంత పీల్చుకుంటుందన్నది దాని నాణ్యతకు ఒక కొలత. భారతీయ ప్రమాణాల సంస్థ 2006లో తెచ్చిన ఐఎస్ 15658 ఈ పరిమితిని సగటున బరువులో 6 శాతంగా పెట్టింది. అంటే మూడు కిలోల మంచి పేవరు కూడా 180 గ్రాముల దాకా నీళ్లు తాగగలదు. పరీక్ష అనే మాటే ఎరగని షెడ్లలో అచ్చుపోసిన చవక రకం ఇంకెంత తాగుతుందో చెప్పక్కర్లేదు.

దీని కింద రెండంగుళాల ఇసుక, ఆ కింద మట్టి. డెల్టా ఊళ్లలో నీరు పైపైనే ఉంటుంది. వాన లేని రోజుల్లోనూ నేలలోని చెమ్మ ఆవిరిగా పైకి వస్తూనే ఉంటుంది. పైన ఎండ కాసేకొద్దీ ఆ లాగుడు ఎక్కువవుతుంది. పేవరుకు పైన ఏ మూతా లేకపోతే ఆవిరి దాని దారిన అది పోతుంది. పైన పొర వేసి బిగించేస్తే మాత్రం పొర కింద ఇరుక్కుంటుంది. పూత తెల్లబడటానికి ఎక్కువసార్లు కారణం ఇదే. వాన పడినప్పుడు పాలలా తెల్లబడి, రెండు రోజులు ఎండ కాస్తే మళ్లీ మామూలవుతుంటే పూతలోకి నీరు చేరుతోందని అర్థం.

చెమ్మ ఒంటరిగా రాదు. మట్టిలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను వెంటబెట్టుకొస్తుంది. సముద్రపు ఒడ్డున గాలి తెచ్చే ఉప్పు దీనికి అదనం. నీరు ఆవిరయ్యాక అవి అక్కడే గడ్డకడతాయి. పైకి దారి ఉంటే తెల్లటి పొడిలా పూసి, చీపురుకో వానకో పోతాయి. దారి లేకపోతే పూత కిందే స్ఫటికాలుగా పెరుగుతాయి. ఆ పెరుగుదలకు పూతేమిటి, ఒక్కోసారి పేవరు పై చర్మమే పెచ్చులుగా ఊడి వస్తుంది. రాయిని కాపాడటానికి వేసిన పూతే రాయిని తినేయడమంటే ఇదే.

కనిపించేవి... కనిపించనివి

దుకాణంలో పాతిక డబ్బాలున్నా స్థూలంగా ఉన్నవి రెండు కుటుంబాలు. పైన పొరలా నిలిచేవి ఒకటి. లోపలికి ఇంకిపోయేవి రెండోది.

పొరలా నిలిచేవాటిలో ఎక్కువగా అమ్ముడుపోయేది అక్రిలిక్. థిన్నరు లాంటి ద్రావణిలో కలిపినదీ ఉంటుంది, నీళ్లలో కలిపినదీ ఉంటుంది. మేస్త్రీ చూపించే 'తడి మెరుపు' ఎక్కువగా మొదటి రకానిది. రంగు లోతుగా కనిపిస్తుంది, సందుల్లో ఇసుక కొంత గట్టిపడుతుంది... ఇవి దాని సుగుణాలు. అయితే మండే ఎండలో దీని ఆయుష్షు సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు. తర్వాత మళ్లీ వేయాలి. పాత పూత మీద కొత్త పూత, దాని మీద ఇంకో పూత... పొర మందమయ్యేకొద్దీ చెమ్మకు దారి మరింత మూసుకుపోతుంది. ఎప్పుడో ఒకరోజు మందు వేసి మొత్తం గీకించాల్సి వస్తుంది. ఆ రోజు అయ్యే ఖర్చును మేస్త్రీ మొదటిరోజు చెప్పడు.

పాలీయురెథేన్ పూతలు ఇంకా గట్టివి. గీతలు పడవు, నూనెకు లొంగవు. కానీ వాటి పొర ఇంకా బిగువు. కింద నుంచి చెమ్మ వచ్చే చోట అదే వాటి లోపం. ఎపాక్సీ గురించి ఒక్క ముక్క చాలు. ఇంటి లోపలి గచ్చుకు అదెంత బాగున్నా, ఎండ తగిలితే పసుపెక్కుతుంది, పైన పొడి రాలుతుంది. ఆరుబయట పేవర్లకు ఎవరు సిఫారసు చేసినా మర్యాదగా నమస్కారం పెట్టేయండి.

రెండో కుటుంబంలో సైలేన్, సైలోక్సేన్ అనే పేర్లు వినిపిస్తాయి. సైలేన్ అణువులు చిన్నవి, లోతుకు వెళ్తాయి. సైలోక్సేన్‌వి కాస్త పెద్దవి, పైపొరల్లోనే ఆగి పనిచేస్తాయి. రెండూ కలిపిన డబ్బాలూ ఉన్నాయి. ఇవి రంధ్రాలను పూడ్చవు. వాటి గోడలకు అంటుకుని నీటిని దూరం తోస్తాయి. తామరాకు మీద బొట్టు నిలిచినట్టు పేవరు మీద వాననీరు ముత్యాల్లా నిలిచి జారిపోతుంది. లోపలి ఆవిరి మాత్రం ఎప్పట్లాగే బయటికి పోతుంది. పొరే లేదు కాబట్టి పొట్టు లేవడమనే ప్రశ్నే రాదు. జారుడూ పెరగదు. సరిగా వేస్తే ఐదేళ్లు, అంతకు మించీ పనిచేస్తాయి. ఆపైన మెల్లగా బలం తగ్గుతుంది. అప్పుడు గీకే పని లేదు, కడిగి మళ్లీ వేసుకోవడమే.

వీటికున్న పెద్ద లోపం... వేశాక ఏమీ కనిపించకపోవడం! పేవరు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. 'ఇంత డబ్బు పోసింది దీనికా?' అని ఇంట్లోవాళ్లు మొహం మాడ్చుకుంటారు. కోస్తాలోని ఆరుబయట సిమెంటు పేవర్లకు మాత్రం దీన్ని మించిన ఎంపిక లేదు. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇవి నీటిని ఆపుతాయి, నూనెను ఆపలేవు. స్కూటరు, కారు నిలిపే చోట ఇంజిను ఆయిలు కారుతుంటే నూనెనూ తోసే ఫ్లోరో రకం కలిసిన సీలరు అడగాలి. ఖరీదెక్కువ. అందుకని ఆ నాలుగైదు గజాల మేరకే వాడుకుంటే సరిపోతుంది. లేదా బండి కింద ఒక పాత రేకు ముక్క పెట్టినా పని జరుగుతుంది!

కనిపించని పనిలో మోసమూ కనిపించదు. డబ్బా మీద క్రియాశీల పదార్థం ఎంత శాతమో చూడండి. సైలేన్ రకాలు 20, 40 శాతం మొదలుకుని నూటికి నూరు శాతం దాకా దొరుకుతాయి. లీటరు ధర ఒక్కటే పోల్చితే పల్చటిది చవగ్గా కనిపిస్తుంది. సరుకు మీరే కొని, సీలు తీయని డబ్బా చేతికివ్వండి. మందును కళ్లముందే పోయించండి. వారం తర్వాత వాకిట్లో పది చోట్ల చెంబుతో నీళ్లు పోయండి. ఎక్కడ నీరు నిలవకుండా ఇంకి రాయి నల్లబడుతుందో అక్కడ మందు పడనట్టే.

మరి నాపరాళ్ల సంగతి?

తెలుగువాళ్ల వాకిళ్లన్నీ సిమెంటు పేవర్లు కావు. తాండూరు, షాబాదు, బేతంచెర్ల, కడప బండలు తరతరాలుగా ఉన్నాయి. ఇవన్నీ సున్నపురాయి జాతివే. సైలేన్ లాంటివి గట్టిగా పట్టుకోవాలంటే రాయిలో సిలికా ఉండాలి. సిమెంటు పేవరులో ఇసుక ఉంది, గ్రానైటులో సహజంగానే ఉంది. సున్నపురాయిలో ఉండేది ఎక్కువగా కాల్షియం కార్బొనేటు. కాబట్టి సిమెంటు మీద అద్భుతంగా పనిచేసిన డబ్బా నాపరాయి మీద అంత ఫలితం ఇవ్వకపోవచ్చు. ఒక్క బండ మీద వేసి, పదిహేను రోజులు చూసి గానీ మొత్తానికి కొనకూడదు. డబ్బా మీద సున్నపురాయికి పనికొస్తుందని రాసి ఉందో లేదో కూడా చూడాలి.

అసలు నాపరాయి సిమెంటు పేవరులా నీళ్లు తాగే రకం కాదు. అదంతట అదే దట్టమైనది. రోజూ కడిగి, తుడిచి, నడిచి నడిచి నున్నబడిన బండకు ఆరుబయట ఏ పూతా అక్కర్లేదన్నదే సబబు. నున్నటి దాని మీద మెరుపు పూత వేస్తే పట్టుకోవడానికి పట్టు దొరక్క మరీ తొందరగా లేస్తుంది. నాపరాయికి అసలు శత్రువు వాన కాదు, ఆమ్లం. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూములు కడిగే యాసిడ్... ఏది పడినా పైమెరుపు తినేసి మచ్చ మిగులుస్తుంది. అది మరక కాదు, రాయే కరగడం. దాన్ని ఏ ఇంకే సీలరూ ఆపలేదు. 'యాసిడ్ వాష్ చేసి కోటింగు కొడతాం' అనే మాట నాపరాళ్ల వాకిట్లో వినిపిస్తే వెంటనే ఆపించండి.

ముహూర్తం ఆగదు... పూత ఆగొచ్చు

కొత్త సిమెంటు పేవర్ల మీద తొలి నెలల్లో తెల్లటి పొడి పూయడం మామూలే. సిమెంటులోని సున్నం నీటిలో కరిగి పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి గట్టిపడుతుంది. తడిపితే మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తుందంటే అదే. రాయిలో లోపమేమీ కాదు. కొన్నాళ్లకు తగ్గుతుంది. ఇది పూర్తికాకముందే పైన పొర వేస్తే ఆ తెలుపు అద్దం కింద ఫొటోలా అలాగే ఉండిపోతుంది. చీపురూ అందదు, నీళ్లూ అందవు. అందుకే పరిచాక కనీసం రెండు మూడు నెలలు, వీలైతే ఒక వానాకాలం గడవనివ్వాలి. గృహప్రవేశం ముహూర్తం ఆగదు నిజమే. పూత మాత్రం ఎన్నాళ్లయినా ఆగుతుంది.

ఈ ఆగిన కాలంలో రెండు పరీక్షలు చేసుకోవచ్చు. మొదటిది నీటిబొట్టు. ఆరిన పేవరు మీద నాలుగు బొట్లు వేసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లోనే ఇంకి నల్లటి మచ్చ పడితే దానికి సీలరు అవసరం ఉంది. పది నిమిషాలైనా బొట్టు అలాగే కూర్చుంటే డబ్బు మిగిలినట్టే. రెండోది ప్లాస్టిక్ కాగితం. అడుగున్నర చదరపు పారదర్శక పాలిథీన్ ముక్కను పేవర్ల మీద పరిచి, నాలుగంచులా టేపు వేసి, సాయంత్రం నుంచి మర్నాటి ఉదయం దాకా... అంటే కనీసం పదహారు గంటలు వదిలేయాలి. తీసి చూస్తే లోపలివైపు చెమటలా నీళ్లు పట్టినా, రాయి నల్లబడినా కింద నుంచి చెమ్మ వస్తున్నట్టు. అలాంటి చోట పొరలా నిలిచే పూత ఆలోచన మానుకోవాలి. ఇంకే రకం వేయాలన్నా అది ఆరేదాకా ఆగాలి. రంధ్రాల నిండా నీళ్లుంటే మందుకు చోటెక్కడిది?

మరి ఎప్పుడు వేయాలి? కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. విశాఖను 2014లో హుద్‌హుద్ అతలాకుతలం చేసింది అక్టోబరులోనే. జూను నుంచి నైరుతి వానలు. ఏప్రిల్, మే నెలల్లో వాన లేకపోయినా ఉక్కపోత, కాళ్లు కాలే రాయి. మిగిలింది డిసెంబరు రెండోసగం నుంచి మార్చి మొదటివారం దాకా. దీనిలోనూ ఒక మెలిక ఉంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారేసరికి పేవర్లు మంచుకు తడిసి ఉంటాయి. ఎండెక్కి అవి ఆరేదాకా, తొమ్మిది దాటేదాకా ఆగి, మధ్యాహ్నంలోపు ముగించడం మేలు. సాయంత్రం మొదలుపెడితే పూత ఆరకముందే మళ్లీ మంచు కురుస్తుంది. నీళ్లలో కలిపిన రకానికి ఇది మరీ ప్రమాదం.

వేసవిలో తప్పనిసరిగా వేయాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది. నీడ పడి రాయి చల్లబడ్డాకే మొదలుపెట్టాలి. చాలా సీలర్లకు 32 డిగ్రీలు దాటిన రాయి పనికిరాదు. థర్మామీటరు అక్కర్లేదు... చెప్పుల్లేకుండా హాయిగా నిలబడలేకపోతే ఆ రాయి వేడెక్కువున్నట్టే. ఎండలో మాడుతున్న పేవరు మీద ద్రావణి రకం పూత వేస్తే పైన క్షణాల్లో తొడుక్కట్టి, లోపలి ఆవిరి బుడగలు బుడగలుగా లేస్తుంది. ద్రావణి రకాలకు నిప్పంటుకునే గుణమూ ఉంది. పనివాళ్లు పక్కనే బీడీ వెలిగించకుండా చూడాలి. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు ఇప్పించాలి.

వేసే ముందు శుభ్రం చేయడమే సగం పని. పాచి బ్రష్షుతో గీకాలి, కడగాలి, కడిగాక కనీసం రెండు రోజులు ఎండనివ్వాలి. పాచి మీద వేసిన సీలరు పాచినే కాపాడుతుంది. పల్లం పడిన చోట్ల పేవర్లు తీసి ఇసుక సర్ది మళ్లీ పరచాలి. వాలు పది అడుగులకు సుమారు రెండున్నర అంగుళాలుంటే నీరు నిలవదు. నీరు నిలిచే వాకిట్లో ఎంత ఖరీదైన డబ్బా పోసినా పాచి పట్టకమానదు. ఇంకే రకాన్ని స్ప్రేయరుతో తడిసేలా కొట్టి, గుంటలు కట్టిన చోట రోలరుతో లాగేయాలి. మిగిలిపోయింది కదా అని వంపేయొద్దు. ఆరాక జిడ్డులా మరక కడుతుంది. ఇంకో మాట... ఒకసారి ఇంకే రకం వేశాక దాని మీద మెరుపు పూత సరిగా పట్టదు. మనసు మార్చుకునేదుంటే ముందే మార్చుకోవాలి.

ఇంత చెప్పినా మెరుపే కావాలనే ఇళ్లుంటాయి. అలాంటప్పుడు పైకప్పు ఉన్న పోర్టికో వరకు, అదీ పాలిథీన్ పరీక్ష నెగ్గితేనే వేయించండి. అక్రిలిక్ అయితే రెండు పల్చటి చేతులు చాలు, మందంగా ఒక్కటి వద్దు. రెండో చేతిలో జారకుండా ఆపే సన్నటి పొడిని కలపమని గట్టిగా చెప్పండి. మెట్లు, బోరు దగ్గర, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగి నీరు పడేచోటు... వీటికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మెరుపు వద్దు. ఇప్పటికే వేయించి తెల్లబడిన పూత ఉంటే, అది ద్రావణిలో కలిపిన అక్రిలిక్ అయిన పక్షంలో ఒక మూల కొంచెం జైలీన్ రాసి చూడాలి. మచ్చ విడిపోతే చెమ్మ ఇరుక్కున్నట్టు. బాగా ఎండిన రోజు చూసి అదే మందుతో ఆ పూతను తిరిగి కరిగించి ఆరనిస్తే చాలావరకు తేటబడుతుంది. కింద నుంచి చెమ్మ ఆగకపోతే మళ్లీ వస్తుంది. అప్పుడు గీకించడమే దారి.

ముగ్గు మాటేమిటని ఇల్లాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మెరుపు పూత మీద ముగ్గుపిండి నిలవదు, గాలికి జరిగిపోతుంది. ఇంకే రకం వేసిన పేవరు గరుకు గరుకుగానే ఉంటుంది కాబట్టి ముగ్గు ఎప్పట్లా పడుతుంది. పండగ రంగులు లోపలికి దిగకుండా నీటిని తోసే గుణం కొంత కాపాడుతుంది కూడా. అయినా రంగవల్లి తీసేటప్పుడు ముందు నీళ్లు గుమ్మరించొద్దు. పొడి చీపురుతో రంగంతా ఊడ్చి ఎత్తేశాకే కడగాలి. నీళ్లు ముందు పోస్తే రంగును చేయి పట్టుకుని రంధ్రాల్లోకి తీసుకెళ్లేది ఆ నీళ్లే. రోజూ పేడనీళ్లతో కళ్లాపి చల్లే అలవాటున్న ఇంట్లో గుమ్మం ముందు నాలుగడుగుల మేర పేవర్లు మానేసి ఒక నాపరాయి పరిపించుకుంటే ఈ గొడవే ఉండదు.